కొనేవాళ్ళ కూటమి

(డిసెంబరు రెండో వారంలో రాజోలులో జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ డిసెంబరు నెలలో ఐక్యరాజ్య సమితి వాళ్ళు మూడు రోజులు పెట్టారు. 9వ తేదీ అవినీతి వ్యతిరేక దినం. 10వ తేదీ మానవ హక్కుల దినం. 18వ తేదీ వలసదారుల దినం. మూడింటికీ కలిపి ఒకే సభ పెట్టేస్తే మైకు ఖర్చు కలిసొస్తుందనుకున్నారు మనవాళ్ళు. (నవ్వులు) ఖర్చు సంగతి అటుంచితే, మన మండలాల వరకూ ఈ మూడూ ఒకటే సంగతి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, రేవు దాటితే నరసాపురం, మొగల్తూరు, ఆచంట. ఈ ఊళ్ళల్లో ఏ వీధిలోకెళ్ళినా గల్ఫు డబ్బుతో లేచిన డాబా ఒకటుంటుంది, గల్ఫు అప్పుతో తాళం పడ్డ ఇల్లు ఒకటుంటుంది.

నాకిచ్చిన విషయం పెద్దది. ఒక ప్రాంతంలోని దేశాలన్నీ కలిసి రాజకీయంగా ఒక్కటవ్వాలని చూస్తున్నప్పుడు అక్కడ మనుషుల హక్కులు ఏమవుతాయి, లంచాలు ఏమవుతాయి అన్నది. మామూలుగా ఎవరైనా దీన్ని ఐరోపా దగ్గర మొదలెడతారు. నేనూ ఐరోపా వెళ్తాను గానీ కువైట్ మీదుగా వెళ్తాను. మనకి అలవాటైన దారి అదే కదా.

గల్ఫ్ సహకార మండలి అని ఒకటుంది. జీసీసీ అంటారు. 1981 మే 25న అబుదాబీలో పుట్టింది. సౌదీ, కువైట్, ఎమిరేట్స్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్, ఈ ఆరూ సభ్యులు. సమన్వయం, ఏకీకరణ, చివరికి ఐక్యత సాధించడమే లక్ష్యమని దాని నిబంధనావళి నాలుగో అధికరణంలో రాసుకున్నారు. 2003లో కస్టమ్స్ యూనియన్, అంటే సరుకుల మీద ఉమ్మడి సుంకం, వచ్చింది, 2008లో ఉమ్మడి మార్కెట్టు వచ్చింది. కువైట్ పౌరుడు చేతిలో గుర్తింపు కార్డు పెట్టుకుని బహ్రెయిన్ వెళ్ళిపోవచ్చు, దుబాయ్‌లో వ్యాపారం పెట్టుకోవచ్చు. 2011 డిసెంబరులో సౌదీ రాజు అబ్దుల్లా ఇంకో మెట్టు ఎక్కుదామన్నారు. సహకారం సరిపోదు, యూనియన్ అవుదాం అన్నారు. రెండేళ్ళకి ఒమన్ మేం రామని నలుగురిలో చెప్పేసింది. ఒకే కరెన్సీ అనుకున్నది కూడా ముందు ఒమన్, తర్వాత ఎమిరేట్స్ తప్పుకోవడంతో మూలపడింది. 2017 జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ కలిసి తోటి సభ్యదేశమైన ఖతర్‌కి దారులన్నీ మూసేశాయి. మూడున్నరేళ్ళ తర్వాత, 2021 జనవరిలో గానీ రాజీ పడలేదు.

అంటే అన్నదమ్ముల మధ్య మాటల్లేని రోజులు కూడా ఉన్నాయి. అన్ని గొడవల్లోనూ వాళ్ళు కలిసి నడిచిన పని ఒకటుంది. అది పోలీసు పని. 2011 మార్చిలో బహ్రెయిన్‌లో జనం రోడ్డెక్కితే, మండలి పేరుతో సౌదీ సైన్యం వంతెన దాటి వచ్చింది. 2012 నవంబరులో హోంమంత్రులు కలిసి భద్రతా ఒప్పందం రాసుకున్నారు. ఒక దేశం అడిగితే ఇంకో దేశం తన పౌరుల వివరాలు, తన దగ్గర నివాసం ఉంటున్నవాళ్ళ వివరాలు ఇవ్వొచ్చని అందులో ఉంది. నివాసం ఉంటున్నవాళ్ళంటే ఎవరండీ? మనవాళ్ళే. కువైట్‌లో ఫింగర్ పడితే, అంటే వేలిముద్రలు తీసుకుని వెనక్కి పంపేస్తే, గల్ఫంతా పడినట్టే అని మన ఆడవాళ్ళు భయపడతారు చూశారా, ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు.

న్యాయంగా ఒకమాట చెప్పాలి. ఆ ఒప్పందానికి అడ్డుపడింది కూడా కువైటే. తమ రాజ్యాంగానికి ఇది పడదని 2014లో అక్కడి పార్లమెంటు కమిటీ తిప్పికొట్టింది. ఆ ఆరు దేశాల్లో గొంతెత్తి మాట్లాడే పార్లమెంటు ఉన్నది అక్కడే. 2024 మే నెలలో అక్కడి పాలకుడు అమీరు గారు ఆ పార్లమెంటుని రద్దు చేసి, రాజ్యాంగంలో కొన్ని అధికరణాలను నాలుగేళ్ళకు మించకుండా పక్కన పెడుతున్నానని ప్రకటించారు.

మరి హక్కుల మాట? 2014 డిసెంబరులో దోహాలో మానవ హక్కుల ప్రకటన ఒకటి ఆమోదించారు. చదివితే బాగానే ఉంటుంది. దాన్ని పట్టుకుని వెళ్ళి తలుపు తట్టడానికి కోర్టు లేదు. ఇంకో లెక్క చెప్తాను. అవినీతి మీద ఐక్యరాజ్య సమితి ఒడంబడికకి ఆరు దేశాలూ ఒప్పుకున్నాయి. వలస కార్మికుల హక్కుల ఒడంబడిక 1990 డిసెంబరు 18న వచ్చింది, అందుకే ఆ రోజు వలసదారుల దినం అయింది. దానికి ఆరింట్లో ఒక్కటీ ఒప్పుకోలేదు. ముక్కు మీద వేలేసుకోకండి, మన భారతదేశమూ ఒప్పుకోలేదు. లంచం తప్పే, కూలీకి హక్కు మాత్రం మేం రాసివ్వం అన్నమాట. ఇవి రెండూ విడదీసి చూడగలిగే సంగతులేనా అన్నదే నా ప్రశ్న.

కఫీల్, అంటే మీకు వీసా తీసే యజమాని, అతని సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మీ వీసా, మీ అకామా అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, మీరు పని మారడం, కొన్నిచోట్ల మీరు ఇంటికి రావడం కూడా ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఒక మనిషి సంతకం మీద ఇంకో మనిషి బతుకు ఆధారపడిందంటే ఆ సంతకానికి ధర పుడుతుంది. ఎక్కడైనా అంతే, తహసీల్దారు ఆఫీసులోనైనా అంతే. కువైట్‌లో ఆ ధరకి ఓ బజారే ఉంది. తన దగ్గర పనే లేకుండా కంపెనీ పేరు మీద వీసాలు తీయించి అమ్ముకోవడం. మనవాళ్ళు ఆజాద్ వీసా అని మురిసిపోయి కొనుక్కునేది అదే. ఏడాదికోసారి అకామా కొట్టించడానికి మళ్ళీ ఆ కఫీల్‌కే కట్టాలి. కట్టలేకపోతే కల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి.

ఇది ఏ చిల్లర బ్రోకరో చేసే పని అనుకోకండి. 2020 జూన్‌లో కువైట్ పోలీసులు బంగ్లాదేశ్ ఎంపీ ఒకాయన్ని పట్టుకున్నారు. మహమ్మద్ షహీద్ ఇస్లాం ఆయన పేరు. అక్కడ కంపెనీ పెట్టి, అధికారులకి లంచాలిచ్చి, వేల మంది బంగ్లా కూలీలని తీసుకెళ్ళాడని కేసు. 2021 జనవరిలో కోర్టు నాలుగేళ్ళు వేసింది. ఆయనతో పాటు కువైట్ హోంశాఖలో మేజర్ జనరల్ స్థాయి అధికారికీ శిక్ష పడింది. ఇటు కూలీలని పంపే దేశంలో చట్టం చేసే మనిషి, అటు రప్పించుకునే దేశంలో చట్టం అమలు చేసే మనిషి. ఇద్దరి మధ్యా జరిగిన బేరంలో సరుకు ఎవరో చెప్పక్కర్లేదు. ఆ దేశాలు రాజకీయంగా ఒక్కటవ్వడానికి ఎంత తంటాలు పడినా, ఈ బేరగాళ్ళు ఎప్పుడో ఒక్కటయ్యారండీ. (నవ్వులు)

ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా, మీద వెళ్ళే ఆడవాళ్ళది దీనికి తిరగబడిన కథ. కంపెనీ పనికి వెళ్ళే మగవాడు అప్పు చేసి డబ్బు కట్టి వెళ్తాడు. ఇంటిపనికి వెళ్ళే మనిషిని చాలాసార్లు ఏజెంటు రూపాయి అడగడు, పైగా ఎదురు ఇస్తాడు. ఇంట్లోవాళ్ళకి అది అదృష్టంలా కనిపిస్తుంది. ఆ డబ్బు ఎక్కడిది? అక్కడ బాబా, అంటే ఇంటి యజమాని, పనివాళ్ళని కుదిర్చే ఆఫీసుకి కట్టాడు. కట్టాడు కాబట్టి కొన్నాననుకుంటాడు. పాస్‌పోర్టు లాక్కుంటాడు, నచ్చకపోతే ఇంకో ఇంటికి మార్చేస్తాడు. 2019లో బీబీసీ అరబిక్ వాళ్ళు మారువేషంలో వెళ్ళి చూస్తే, కువైట్‌లో ఇంటి పనివాళ్ళని ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఫోన్ యాప్‌లలోనూ ఫోటోలు పెట్టి అమ్మేస్తున్నారు. ఫలానా దేశం మనిషి, నవ్వుతూ ఉంటుంది, సెలవు అడగదు. పాత స్కూటీ అమ్మకానికి పెట్టినట్టు.

అక్కడ చట్టం లేదా అంటే ఉంది. 2015లో కువైట్ 68వ నంబరు చట్టం తెచ్చింది. ఇంటి పనివాళ్ళ కోసం గల్ఫులో అలాంటివాటిల్లో అది ముందొచ్చిన చట్టం. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. వారానికి ఒక సెలవు. ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. మరుసటేడు కనీస జీతం 60 దినార్లు అని కట్టారు. ఇక్కడున్న అమ్మల్లో కువైట్ చేసొచ్చినవాళ్ళు చేతులెత్తండి. వారానికి సెలవు తీసుకున్నవాళ్ళు చెయ్యి అలాగే ఉంచండి. చూశారా. చట్టం ఉంది, ఇంట్లోకి వెళ్ళి తనిఖీ చేసే మనిషి లేడు. సౌదీ 2021లో కఫాలా, అంటే ఈ కఫీల్ పద్ధతి, సడలించామని చాటుకుంది, ఆ సడలింపులో ఇంటి పనివాళ్ళు లేరు. ఖతర్ మాత్రం ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పుణ్యమా అని 2021 మార్చి నుంచి 1000 రియాళ్ళ కనీస జీతం ఇంటి పనివాళ్ళతో సహా అందరికీ పెట్టింది. ఒక్క కూటమి, ఆరు రకాల చట్టాలు. సరుకు మీద ఉమ్మడి సుంకం మాత్రం ఆరూ కలిసి 2003లోనే పెట్టుకున్నాయి.

మంగఫ్ గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్ మంగఫ్‌లో కూలీలుండే భవనం అంటుకుంది. సుమారు 50 మంది పోయారు, అందులో 45 మంది దాకా మనవాళ్ళు. ముగ్గురు ఆంధ్రావాళ్ళయితే వాళ్ళలో ఇద్దరు మన గోదావరి జిల్లాల వాళ్ళు. వాళ్ళ పేర్లు చెప్పను, ఆ కుటుంబాల వాళ్ళు మనకి దూరం కాదు. ఆ రోజు అక్కడి మంత్రే భవనాల యజమానుల అత్యాశ వల్ల ఇలా జరుగుతోందన్నారు. మున్సిపాలిటీ అధికారులని సస్పెండ్ చేశారు. అంటే నిబంధన ఉంది, దాన్ని చూడాల్సిన మనిషి ఉన్నాడు, చూడలేదు. అవినీతి అంటే బల్ల కింద చేతులు మారే నోట్లేనని మనం అనుకుంటాం. ఒక్కోసారి అది తెరుచుకోని తలుపు.

ఇప్పుడు ఐరోపా వెళ్దాం, త్వరగా వెళ్ళొద్దాం.

ఐరోపా సంఘంలో, అంటే యూరోపియన్ యూనియన్‌లో, చేరాలంటే గుమ్మం దగ్గర ఆపుతారు. 1993లో కోపెన్‌హాగన్‌లో షరతులు రాసుకున్నారు. ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన, మానవ హక్కులు, అల్పసంఖ్యాకులకి రక్షణ. ఇవి స్థిరంగా ఉంటేనే లోపలికి. రుమేనియా, బల్గేరియా 2007 జనవరిలో చేరాయి. కోర్టులు ఇంకా బాగుపడలేదని, చేరాక కూడా వాళ్ళ మీద ప్రత్యేక నిఘా పెట్టారు. అది 2023 దాకా సాగింది. ఆ ఒత్తిడి వల్ల రుమేనియాలో అవినీతి మీద ప్రత్యేక ప్రాసిక్యూషన్ సంస్థ గట్టిపడింది. ప్రధానిగా చేసిన అడ్రియాన్ నస్తాసే 2012లో జైలుకెళ్ళాడు. మనకి వింతగా ఉంటుంది గానీ నిజంగానే వెళ్ళాడు. (నవ్వులు) ఆ సంస్థని నడిపిన లారా కోవేసీ అనే ఆవిడ మంత్రులని, మేయర్లని వరసగా కోర్టుకెక్కిస్తే 2018లో పదవిలోంచి పీకేశారు. ఆవిడ స్ట్రాస్‌బర్గ్‌లో మానవ హక్కుల కోర్టుకెళ్ళింది. 2020లో గెలిచింది. చూడండి, అవినీతి మీద పోరాడే అధికారి చివరికి కాపాడుకున్నది తన మానవ హక్కునే. ఆ తీర్పు వచ్చేసరికే ఐరోపా సంఘానికి మొట్టమొదటి చీఫ్ ప్రాసిక్యూటర్‌గా కూర్చుంది.

అక్కడంతా బంగారం అనడం లేదు. గుమ్మం దాటేదాకా వినయంగా ఉండి, లోపలికెళ్ళాక కాళ్ళు జాపుకున్న హంగరీ ఉంది. 2022లో దానికి రావాల్సిన నిధులు ఆపితే గానీ కదలిక రాలేదు. సెర్బియా ఇంకా గుమ్మంలోనే ఉంది. 2024 నవంబరు 1న నోవీసాద్ రైల్వే స్టేషన్లో, అప్పటికి కొద్ది నెలల క్రితమే బాగుచేసిన స్టేషన్లో, పైకప్పు కూలి 16 మంది చచ్చిపోయారు. కాంట్రాక్టుల్లో ఎవరెంత తిన్నారో చెప్పమని కుర్రాళ్ళు నెలల తరబడి వీధుల్లో ఉన్నారు, ప్రధాని రాజీనామా చేశాడు. బ్రస్సెల్స్‌లో కూర్చున్న ఐరోపా సంఘం పెద్దలు మాత్రం ఆ కుర్రాళ్ళ వైపు గట్టిగా మాట్లాడలేదని నా అభిప్రాయం. షరతు కాగితం మీదుంటే చాలదు, పెట్టినవాడికి దాని మీద మనసుండాలి.

ఆఫ్రికాది ఇంకో రకం. దక్షిణ ఆఫ్రికా ప్రాంత దేశాల కూటమికి నమీబియాలో ట్రిబ్యునల్ ఉండేది. 2008లో జింబాబ్వే ప్రభుత్వం భూములు లాక్కున్న కేసులో ఆ ట్రిబ్యునల్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తర్వాత ఆ కూటమి దేశాధినేతలు కూర్చుని ఏం చేశారు? ట్రిబ్యునల్‌నే ఆపేశారు. 2012కి, పౌరుడెవడూ సొంతంగా కేసు వేయకూడదని తేల్చారు. భూమి ఎవరికి చెందాలన్నది వేరే చరిత్ర, తెల్లవాళ్ళు ఎలా సంపాదించారో మనకి తెలుసు. కానీ తీర్పు నచ్చలేదని కోర్టు పీక నొక్కడం దగ్గర అధ్యక్షులందరూ ఏకమయ్యారు.

అంత దూరం ఎందుకు, మన పక్కనే యానాం ఉంది. 1954లో ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి మన చేతికొచ్చింది. ఒప్పందం 1956లో రాసుకున్నారు, 1962 ఆగస్టులో అమల్లోకొచ్చింది. ఇష్టమున్నవాళ్ళు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చని అందులో రాశారు. అలా ఉంచుకున్న కుటుంబాలు ఆ తీరాల్లో ఇప్పటికీ ఉన్నాయి. రెండు ప్రభుత్వాలు సరిహద్దు మార్చుకుంటున్నప్పుడు అక్కడ బతుకుతున్న మనిషిని అడిగి, అతని మాట కాగితం మీద పెట్టారు. కలిసే రోజున రాయించుకోకపోతే తర్వాత ఎవరూ రాయరు. గల్ఫు మండలి 1981లో కలిసినప్పుడు, కార్మికుడి తరపున ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. ఇవాళ ఆ ఆరు దేశాల జనాభాలో సగానికి పైగా బయటి నుంచి వచ్చినవాళ్ళే.

ఇక మన వైపు. ఇది కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓపిక పట్టండి.

వాళ్ళు ఆరుగురు కలిశారు. పంపించేవాళ్ళం మనం, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా. మనం కలిశామా? 2006లో ఫిలిప్పీన్స్ వాళ్ళు తమ ఇంటి పనివాళ్ళకి నెలకి 400 డాలర్లకి తగ్గకూడదని గీత గీశారు. ఇండోనేషియా కూడా రక్షణలు అడిగింది. 2011 జూలైలో సౌదీ ఏం చేసిందంటే ఆ రెండు దేశాలకీ వీసాలు ఆపేసింది. ఫిలిప్పీన్స్ పట్టు విడవలేదు, 2013లో ఆ 400 మీదే ఒప్పందం రాయించుకుంది. అంటే 1500 రియాళ్ళు. 2015లో బంగ్లాదేశ్ వచ్చి 800 రియాళ్ళకి ఒప్పుకుంది. ఒకే వీధిలో, ఒకే పని, ఒకరికి 1500, పక్కింట్లో 800.

మనమేమన్నా తక్కువ తిన్నామా? 2020 సెప్టెంబరులో మన విదేశాంగ శాఖ గల్ఫుకెళ్ళే భారతీయుల కనీస సిఫారసు జీతాలు 30 నుంచి 50 శాతం తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. కరోనాలో ఉద్యోగాలు పోకుండా అన్నారు. మనం తగ్గించకపోతే పక్కదేశం వాడు ఎగరేసుకుపోతాడన్న భయం. తెలంగాణలో గల్ఫు కార్మికుల తరపున హైకోర్టుకెళ్తే, 2021 జూలైలో వెనక్కి తీసుకున్నారు. ఆంధ్రాలో దాని గురించి ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? నాకు గుర్తులేదు, జరిగితే కదా.

2018లో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి శవం ఫ్రీజర్లో దొరికింది. ఆ దేశం కువైట్‌కి పంపడం ఆపేసింది. మూడు నెలలు తిరక్కుండా మే నెలలో కువైట్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. పనిమనిషి ఫోను ఆమె దగ్గరే ఉండాలి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు అని. ఫిలిప్పీన్స్ కంటే మనం పెద్ద దేశం. గల్ఫులో మనవాళ్ళు 90 లక్షల దాకా ఉన్నారు. కువైట్‌లోనే పది లక్షలు. మనం పని ఆపితే అక్కడ పొయ్యి వెలగదు. ఆ బలం మనకుందని ఢిల్లీకి తెలుసో లేదో, మనకైతే తెలియదు.

దక్షిణాసియా దేశాలకీ ఓ కూటమి ఉంది, సార్క్. 1985లో ఢాకాలో మొదలైంది. 2014 నవంబరులో ఖాట్మండు సమావేశంలో, వలస కార్మికుల భద్రత కోసం కలిసి పనిచేద్దామని ప్రకటనలో రాసుకున్నారు. నేను ఆ వాక్యం చదివి సంతోషించినవాణ్ణి. ఆ తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశం మళ్ళీ జరగనే లేదు. భారత్, పాకిస్తాన్ తగువు మధ్య ఆ వాక్యం ఎక్కడో పడిపోయింది. కొనేవాళ్ళు తమలో తాము తగువులాడుకుంటూ కూడా పోలీసు ఒప్పందం దగ్గర ఒక్కటయ్యారు. అమ్ముకునేవాళ్ళం, అంటే మన రెక్కలు అమ్ముకునేవాళ్ళం, ఒక ధర మీద కూడా ఒక్కటి కాలేకపోయాం.

(సభలోంచి: "అయితే వెళ్ళొద్దంటారా సార్?")

అలా నేనెందుకంటానమ్మా. ఒక్క పంటకి నీళ్ళొచ్చి, కౌలు కట్టాక చేతిలో ఏం మిగలని ఇంట్లో, వెళ్ళొద్దు అనడం తేలిక. పైగా వద్దన్న చోటే లంచం పుడుతుంది. ఇంటి పనికి ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఆ దేశాలకి పంపకూడదని మన ప్రభుత్వం నియమం పెట్టింది. మంచికే పెట్టింది. ఏమైంది? వయసు దిద్దేవాడు పుట్టాడు. విజిట్ వీసా మీద దుబాయ్ పంపి అక్కణ్ణుంచి ఇంకో దేశం దాటించేవాడు పుట్టాడు. అలా వెళ్ళిన పిల్ల పేరు ప్రభుత్వం లెక్కలో ఉండదు, బీమా ఉండదు, ఎంబసీకి వెళ్ళాలంటే తనే నేరం చేసినట్టు భయపడుతుంది.

వెళ్ళండి, కానీ లెక్కలో వెళ్ళండి. లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కనిపిస్తుంది, మీ పిల్లల చేత చూపించుకోండి. మీ ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకి, అతను ఎంత దగ్గర చుట్టమైనా, లైసెన్సు ఉండదు. వీసా కాగితం మీద 20 ఉందా, 18 ఉందా చూడండి. కువైట్‌లో 20 అంటే ఇంటి పని, 18 అంటే కంపెనీ. కంపెనీ అని చెప్పి 20 చేతిలో పెడితే విమానం ఎక్కకండి.

ఆఖరుగా మా వృత్తి మాట ఒకటి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంటు మీద కేసు నడపాలంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. చాలా స్టేషన్లలో ఇక్కడే ఆపేసి పంపించేస్తారు. 27వ సెక్షన్ కింద ఇంకో ముక్క కూడా ఉంది, అది చదవరు. మోసపోయిన మనిషి గానీ, ఆమె తరపున తల్లి, తండ్రి, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. శిక్ష రెండేళ్ళు, జరిమానా రెండు వేల రూపాయలు అని ఆ పాత చట్టంలో ఉంది. చిన్నదే. అందుకే దానితో పాటు మోసం సెక్షన్లు, మనుషుల అక్రమ రవాణా సెక్షన్లు కూడా రాయించాలి. ఫిర్యాదు నమూనా రాసి తెచ్చాను, బయట బల్ల మీద జిరాక్సులు ఉన్నాయి. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా కాగితం, ఏజెంటుకి ఫోన్‌పే చేసిన రసీదులు, అతను పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజీలు చెరపకుండా ఉంచి, వాటితో రండి. ఇప్పటికే ఎవరి మనిషైనా అక్కడ ఇబ్బందిలో ఉంటే, ప్రశ్నల కోసం ఆగక్కర్లేదు, ముందు వాళ్ళు రండి.